క్లచ్చక్క కారు అద్దాలు

మా తోడికోడలిని ఈ వీధిలో అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆవిడ క్లచ్చక్క. ఆడవాళ్ళకి కారు నడపడం నేర్పుతుంది. పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునే మనిషి గేరు మీద చెయ్యి వేసిందంటే చాలు, "క్లచ్చు, క్లచ్చు, ముందు క్లచ్చు" అని మొదలుపెడుతుంది. ఆ గొంతు మేడమీద మా వంటింట్లోకి కూడా వినిపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన నా పేరు పలికినదానికంటే ఆవిడ క్లచ్చు పేరు పలికిందే ఎక్కువ.

మనిషి పొట్టి. సీటు మీద దిండు, దిండు మీద ఆవిడ, అప్పుడుగానీ రోడ్డు కనపడదు. యాభై దాటాయి. మాట కటువు, మనసు మెత్తన. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటాను. నోరు తెరవడానికి వణికేవాళ్ళని పొద్దస్తమానం చూసి ఇంటికొచ్చే నాకు, భయమంటే ఏమిటో తెలియని ఈ మనిషి మెట్ల దగ్గర ఎదురైతే ప్రాణం లేచొచ్చినట్టుండేది. తోడికోడళ్ళకి పడదని లోకం అంటుంది. లోకానికేం, ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.

డ్రైవింగ్ స్కూలు నిజానికి మా బావగారిది. ఆయన దగ్గర మగవాళ్ళు నేర్చుకునేవారు. అక్క కూడా ఆయన దగ్గరే నేర్చుకుంది. మొగుడి దగ్గర కారు నేర్చుకుని కూడా కాపురం నిలబెట్టుకున్న ఆడది నాకు తెలిసి ఆవిడొక్కతే. కొన్నేళ్ళకి బావగారికి కళ్ళు తిరిగే జబ్బు పట్టుకుంది. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు తేల్చి చెప్పాక ఆయన ముందుగదిలో టెలిఫోను పక్కకి మారారు, అక్క కారులోకి మారింది.

మారగానే మగవాళ్ళు మానేశారు. ఆడదాని దగ్గర నేర్చుకోవడమేమిటని ఒకడు ముఖం మీదే అన్నాడట. సరే, ఆడవాళ్ళు వస్తారనుకుంటే వాళ్ళూ రాలేదు. నేర్చుకోవాలని ఉంది గానీ, నడిరోడ్డు మీద బండి ఆగిపోతే నలుగురూ చూసి నవ్వుతారని వాళ్ళ భయం. అప్పుడు బావగారికి ఒక ఆలోచన వచ్చింది. కారు అద్దాలన్నిటికీ ముందుదొక్కటి వదిలి చిక్కటి నల్ల ఫిల్మ్ అంటించారు. గేటు మీద బోర్డు పెట్టారు: "స్త్రీలకు ప్రత్యేకం. నల్ల అద్దాల కారు. నేర్చుకునేవారు బయటికి కనబడరు." ఇక చూసుకోండి, తెల్లారేసరికి గేటు ముందు చెప్పులు. ఈ ఇంట్లో పొయ్యి మీద గిన్నె కదలకుండా నిలబడిందంటే ఆ నల్ల కాగితం చలవే. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

పరీక్షకి మాత్రం ఆ కారు పనికొచ్చేది కాదు. టెస్టు గ్రౌండులోకి నల్ల అద్దాల బండ్లని రానివ్వరు. అందుకని పరీక్ష రోజున బావగారు పక్క వీధి స్కూలు నుంచి మామూలు కారు అద్దెకి తెచ్చేవారు. మా వాళ్ళలో మొదటిసారే పాసైనవాళ్ళు అరుదు. ఇక్కడ మహారాణుల్లా నడిపినవాళ్ళు అక్కడ ఎనిమిది అంకె వేయలేక, ఎత్తు ఎక్కించలేక, తెల్లబోయి దిగేవారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మేమందరం ఆ అద్దె కారు క్లచ్చునే తిట్టుకునేవాళ్ళం. గట్టిగా ఉంటుందట, కిందకి దిగదట, మనిషిని బట్టి మారుతుందట. పాపం, ఆ క్లచ్చుకి నోరు లేదు.

అక్క దగ్గర నేర్చుకునేవాళ్ళలో లాండ్రీ ఆవిడని ఒకావిడ ఉంది, ఆ అద్దె కారులోనే రెండుసార్లు తప్పింది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద లాండ్రీలో ఆవిడ పని. రోజంతా ఆవిరి మిషను ముందు నిలబడాలి. ఆ ఆవిరికి ఊపిరితిత్తులు పాడై, రెండు మెట్లెక్కితే ఆయాసం వచ్చే స్థితికి వచ్చింది. ఇక ఆవిరి దగ్గర ఉండొద్దని డాక్టరు చెప్పాడు. లాండ్రీ యజమాని చెడ్డవాడేం కాదు. దుప్పట్లు చేరవేసే వ్యాను డ్రైవరు నెలాఖరుకి మానేస్తున్నాడు, ఆలోగా లైసెన్సు తెచ్చుకుంటే వ్యాను నీకే, లేకపోతే బయటి మనిషిని పెట్టుకోక తప్పదు అన్నాడు. ఆవిరి గదిలో ఉండటం కుదరదు, వ్యాను రాకపోతే వేరే పని లేదు. ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే. నెలాఖరులోపు మిగిలింది ఒక్క పరీక్ష.

సరిగ్గా అప్పుడే కారు ఫిల్మ్ చచ్చిపోయింది. నలుపు కాస్తా వంకాయ రంగుకి తిరిగింది. అద్దాల నిండా బుడగలు లేచాయి. వెనక అద్దం మీద అంచులు ఊడి గాలికి టపటప కొట్టుకునేవి. సాయంత్రం పూట సైకిళ్ళు కనపడక అక్క తన వైపు అద్దం దించి, తల బయటపెట్టి చూసుకునేది. మూలమీది ట్రాఫిక్ పోలీసాయన ఇన్నాళ్ళూ నేర్చుకునే బండి కదా అని ఊరుకునేవాడు, ఇక లాభం లేదమ్మా, తీసేస్తారో మారుస్తారో తేల్చుకోండి అని చెప్పేశాడు.

తేల్చుకోవడానికి ఏముంది, మార్చడమే అన్నారు బావగారు. అక్క కూడా సరేనంది. స్టిక్కర్ల కొట్టతను రకరకాల చుట్టలు పట్టుకొచ్చి వరండాలో పరిచాడు. లేత రంగు ఫిల్మ్ ఒకటి కొత్తగా వచ్చిందట. లోపల్నుంచి అంతా కనపడుతుంది, బయట్నుంచి చూస్తే ఎవరి ముఖం వాళ్ళకే కనపడుతుంది, దీనికైతే ఎవరూ అడ్డు చెప్పరన్నాడు. పాతది ఎంత తేలిగ్గా వస్తుందో చూపిస్తానని డ్రైవరు వైపు అద్దం మీది ఫిల్మ్ ఒక్కటీ సర్రున లాగేసి, జిగురు తుడిచి, మెరిసేలా చేసి పెట్టాడు. సరుకు వచ్చాక వస్తానని వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క అద్దమే కొంప ముంచింది.

మర్నాడు లాండ్రీ ఆవిడ క్లాసుకి వచ్చింది. సీట్లో కూర్చుంది. పక్కన తెల్లటి అద్దం. వీధి చివర టీ కొట్టు దగ్గర మలుపు తిప్పాలి, రోజూ కళ్ళు మూసుకుని తిప్పే మలుపే. అక్కడ నిలబడ్డ ఒకాయన గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఊరికే ఇటు చూశాడు. నవ్వను కూడా లేదు. అంతే, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసింది, మళ్ళీ ఆగింది. నేర్పే బండి కాబట్టి పక్క సీటు కింద కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి; అవి తొక్కుతూ, స్టీరింగుకి చెయ్యి సాయం పట్టి అక్కే బండిని ఇంటికి చేర్చింది. దారంతా ఒక్క మాట అనలేదట. ఆవిడ మాట్లాడలేదంటే ఏదో బ్రహ్మాండం బద్దలైందన్నమాటే.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చోమంది.

"మనం వీళ్ళకి కారు నేర్పలేదే," అంది. "దాక్కోవడం నేర్పాం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. అలాంటి పిల్లుల్ని తయారుచేసి పరీక్షకి పంపిస్తున్నాం. అక్కడ కళ్ళు తెరిచేసరికి చుట్టూ జనం."

అద్దె కారు క్లచ్చు సంగతి గుర్తుచేశాను. క్లచ్చుకేం రోగం, శుభ్రంగా ఉంది అంది. తను కూడా ఇన్నేళ్ళుగా ఆ నలుపు వెనకే బతికానని, ఈ ఊళ్ళో ఇంతమందికి కారు నేర్పిన మనిషి ముఖం రోడ్డు మీద ఎవరికీ తెలియదని, పొద్దున అద్దంలోంచి టీ కొట్టు దగ్గరాయన చూస్తే తనకి కూడా ఒళ్ళు ఝల్లుమందని చెప్పింది. అది చెప్పేటప్పుడు మాత్రం ఆవిడకి కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేలకపోయినా, పూర్తిగా వచ్చింది.

ఆ సాయంత్రం కింద వంటింట్లో యుద్ధం. నేను మధ్యలో పళ్ళాలు తుడుస్తూ నిలబడ్డాను. కొత్త ఫిల్మ్ వద్దు, ఉన్నది కూడా పీకేస్తానంది అక్క. బావగారు ముందు నవ్వారు, తర్వాత అరిచారు. బోర్డు మీద ఏం రాశామో చూశావా అన్నారు. కనబడరని మాటిచ్చి కనబడేలా చేస్తే ఎవరొస్తారు, ఒక్కావిడ కోసం నోటికాడి కూడు నేలపాలు చేసుకుంటామా అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఇల్లు నడవాలి కదా. అంతగా కావాలంటే ఆవిడకి వేరే అద్దె కారులో నాలుగు క్లాసులు చెప్పు, మన బండి జోలికి రాకు అని మధ్యేమార్గం కూడా చూపించారు.

"ఆవిడొక్కతేనా? మొదటిసారి పాసైనవాళ్ళ పేర్లు చెప్పండి, నేనూ వింటాను," అంది అక్క.

బావగారు పేర్ల జోలికి పోలేదు. వాళ్ళకి ధైర్యం చాలదు, మనమేం చేస్తాం అన్నారు.

"మరి మనం ఫీజు తీసుకున్నది దేనికి? బండి నేర్పడానికా, ముసుగేసి తిప్పడానికా? నేను టీచర్ని. దాచిపెట్టే పని నాది కాదు. ఆ ఫిల్మ్ ఉంటే నేను కారెక్కను. మీరు ఎక్కి నేర్పండి."

కళ్ళు తిరిగే మనిషితో ఆ మాట అనకూడదు. అన్నాక ఆవిడకీ తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. బావగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. మా అత్తగారు మాత్రం తాపీగా తింటూ, ఆ కారులో కూర్చుంటే నాకు ఊళ్ళో ఒక్క గోడైనా కనపడేది కాదు, పీకితే మంచిదే అంది. ఆ ఇంట్లో అక్కకి దొరికిన మొదటి ఓటు అత్తగారిది. చెబితే ఎవరూ నమ్మరు.

ఆదివారం నాకు సెలవు. కారుని గేటు బయట ఎండలో నిలబెట్టాం. సబ్బునీళ్ళు చల్లి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, వేడెక్కనిచ్చి, మూల గోటితో లేపి మెల్లగా లాగాలి. మెల్లగా అన్నది మా అక్క జాతకంలో లేదు. సర్రున లాగేది, ఫిల్మ్ చిరిగేది, జిగురు అద్దం మీదే ఉండిపోయేది, అద్దాన్ని తిట్టేది. వెనక అద్దం మీద మంచు పట్టకుండా సన్నటి వేడి తీగలుంటాయి, బ్లేడు పెడితే తెగిపోతాయి. అందుకని దాన్ని నాకు అప్పగించింది. జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిచేస్తూ, ప్లాస్టిక్ స్కేలుతో అంగుళం అంగుళం గీకాను. వేళ్ళ సందుల్లో ఊదారంగు జిగురు పట్టి రెండ్రోజులు వదల్లేదు. క్లినిక్కులో అందరూ అదేం రోగమని అడిగారు.

పని సగంలో ఉండగా స్టిక్కర్ల అతను కొత్త చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. మా అవతారాలు చూసి, ఈ శ్రమంతా మీకెందుకు మేడమ్, నేను చేస్తానుగా అన్నాడు. అక్క అతన్ని ఒకటే అడిగింది.

"ఇది వేస్తే లోపలి మనిషి బయటివాళ్ళకి కనపడుతుందా?"

"కనపడదు మేడమ్, అదే దీని గొప్ప."

"అయితే వద్దు."

అతను చుట్టని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాడు. తన సరుకుని ఇలా తిప్పికొట్టినవాళ్ళు అతని జీవితంలో లేరేమో. బావగారు ముందుగది కిటికీలోంచి చూస్తున్నారు, రానూలేదు, వద్దనలేదు. సాయంత్రానికి కారు కడిగిన ముఖంలా అయింది. అత్తగారు వెనక సీట్లో ఎక్కి కూర్చుని, తిప్పితేగానీ దిగనంది. రెండు వీధులు తిప్పితే ప్రతి ఇంటి అరుగు మీదా ఎవరున్నారో పేరుపేరునా చెప్పింది.

బావగారన్నట్టే జరిగింది. ఆ వారం సగంమంది మానేశారు. ఫోనులో ఒకావిడ, మా వాళ్ళు చూస్తే బాగుండదండీ అంది. ఇంకొకావిడ కట్టిన ఫీజు వెనక్కి ఇమ్మంది. పక్క వీధి స్కూలువాళ్ళు పుణ్యం కట్టుకుని తమ కారుకి నల్ల ఫిల్మ్ వేయించారు. బావగారు అవన్నీ అక్కకి వినపడేలా గట్టిగా చదివినట్టు చెప్పేవారు. అక్క విననట్టే చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళేది. నాకు మాత్రం లోపల గుబులుగా ఉండేది. పంతానికి పోయి ఇల్లు గుల్ల చేసుకుంటోందేమో అనిపించేది. పైకి అనలేదు. అన్నా వింటుందా ఏమిటి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ లాండ్రీ ఆవిడది. ఎవరి కోసం ఇదంతా మొదలైందో ఆవిడే వచ్చి వరండాలో నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ, ఫిల్మ్ మళ్ళీ వేయించండి మేడమ్ అని బతిమాలింది. మెట్లెక్కి వచ్చినందుకే ఆయాసపడుతోంది. మా లాండ్రీ వాళ్ళు ఆ దారినే పోతారు, ఇస్త్రీదానివి నీకు కారెందుకని ఇప్పటికే నవ్వుతున్నారు, నేను ఆగిపోవడం వాళ్ళు చూస్తే ఇక తలెత్తుకోలేనంది. ఫిల్మ్ ఉంటేనన్నా కొంచెం వచ్చేదని ఏడ్చేసింది.

అక్క ఆవిడని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఓదార్చలేదు. రేపు కాదు, ఇప్పుడే పద అంది. నన్ను కూడా వెనక సీట్లో కూర్చోమంది. నేనెందుకంటే, మనిషి బరువుంటే ఎత్తు ఎక్కించడం బాగా వస్తుందంది. ఇంతకాలం నా బరువుని ఎవరూ ఒక పనికొచ్చే వస్తువుగా గుర్తించలేదు. సంతోషంగానే ఎక్కాను.

సాయంత్రం రద్దీ. ఆఫీసులు వదిలే వేళ. ఖాళీ రోడ్లు వదిలేసి సరాసరి బజారు నాలుగురోడ్ల కూడలికి పట్టించింది. అక్కడ నేనైతే నడవడానికి కూడా భయపడతాను. కూడలి మధ్యకి వచ్చేసరికి, అనుకున్నంతా అయింది. బండి ఆగిపోయింది. వెనక బస్సు, పక్కన మోటారు సైకిళ్ళు, ఎదురుగా కూరగాయల బండి. హారన్లు మోగడం మొదలైంది. లాండ్రీ ఆవిడ తాళం తిప్పుతోంది, కాలు క్లచ్చు మీద నిలవట్లేదు. అక్క తన వైపు క్లచ్చు తొక్కుతుందని నేను ఎదురుచూశాను. తొక్కలేదు.

"ఇంజను ఆపెయ్. హ్యాండ్ బ్రేకు లాగు. ఇప్పుడు అద్దం దించు," అంది.

"మేడమ్, చూస్తున్నారు."

"చూడనీ. నువ్వూ చూడు వాళ్ళని. ఒక్కొక్కడినీ చూడు. వాళ్ళు చూడటం అయిపోయాక పోదాం."

నా జీవితంలో అంత పొడుగాటి క్షణాలు లేవు. సీటు కింద దూరిపోవాలనిపించింది. లాండ్రీ ఆవిడ అద్దం దించింది. మోటారు సైకిలు మీద ఒక కుర్రాడు వంగి, నేర్చుకునేవాళ్ళు మైదానంలో నేర్చుకోవాలండీ అన్నాడు. మైదానంలో నీలాంటివాళ్ళు దొరకరు నాయనా అంది అక్క. అతను నవ్వేశాడు. తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవంటారు. మా కుందేలు మాత్రం బెదిరింది, చెమట్లు కారుతున్నాయి. అయినా తల దించలేదు. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. బస్సు డ్రైవరు వైపు అద్దంలో చూసింది. ఆశ్చర్యమేమంటే, కాసేపటికి చూసేవాళ్ళకే విసుగొచ్చింది. ఎవరి గొడవ వాళ్ళకుంది. కూరగాయల బండి అతను తన బండిని పక్కకి లాగి, పోమ్మా పో అని చెయ్యి ఊపాడు. బస్సు డ్రైవరు నేనాగుతాను వెళ్ళమన్నట్టు తలాడించాడు.

లాండ్రీ ఆవిడ ఆ చెయ్యి వైపు అలాగే చూసింది. నల్ల అద్దాల వెనక నేర్చుకున్నన్నాళ్ళూ ఆవిడకి ఇలా దారి ఇచ్చినవాళ్ళు లేరు. ఎలా ఇస్తారు, లోపల మనిషుందో లేదో తెలిస్తే కదా. తాళం తిప్పింది. క్లచ్చు తొక్కింది. బండి కదిలింది. కూడలి దాటాక అక్క, మళ్ళీ తిప్పు, ఇంకోసారి వెళదాం అంది. ఆవిడ ఏడుస్తూనే తిప్పింది. రెండోసారి కూడా ఆగింది. మూడోసారి ఆగలేదు. ఆ తర్వాత లాండ్రీ గేటు ముందు నుంచి పోనిమ్మంది అక్క. పని దిగి బయటికొస్తున్న ఆడవాళ్ళు నిలబడిపోయి చూశారు. వాళ్ళలో ఒకరిద్దరు నిజంగానే నవ్వారు. నవ్వితే నవ్వారు, నవ్విన నాప చేనే పండుతుంది.

పరీక్ష రోజుకి అద్దె కారు అవసరం లేకపోయింది. మా కారే గ్రౌండులోకి వెళ్ళింది. కంచె పొడుగునా జనం. తమ వంతు కోసం వచ్చినవాళ్ళు, తోడొచ్చినవాళ్ళు, పనిలేక వచ్చినవాళ్ళు. వారం రోజులుగా అక్కతో ముభావంగా ఉన్న బావగారు, చెప్పాపెట్టకుండా ఆటో ఎక్కి వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డారు. ఎండలో కళ్ళు తిరుగుతాయి, నీడకి వెళ్ళండి అంది అక్క. వెళ్ళలేదు. వాళ్ళిద్దరి మధ్యా రాజీ అంతే, అంతకంటే మాటలు జరగలేదు.

లాండ్రీ ఆవిడ ఎనిమిది అంకె శుభ్రంగా వేసింది. ఎత్తు దగ్గర, సగం ఎక్కాక, బండి ఆగిపోయింది. కంచె పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. అయిపోయింది, వ్యాను పోయింది, ఇక ఆ మనిషి ఆవిరిలోనే పోతుంది అనుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా అంటే గాజు వాతలు తేలాయి. కారులో ఆవిడ హ్యాండ్ బ్రేకు లాగింది. తీరిగ్గా తల తిప్పి కంచె వైపు, ఆ నవ్విన వైపు, చూసింది. చూసి, పక్కనున్న ఇన్స్పెక్టరుతో ఏదో అంది. తర్వాత బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా ఎత్తు ఎక్కి దిగింది.

పాసయింది. ఇన్స్పెక్టరుతో ఏమన్నావని అడిగాను. "ఆగింది సార్, చూశారుగా, ఇప్పుడు ఎక్కిస్తాను చూడండి" అన్నానంది. బండి ఆగడం తప్పు కాదు, జారడం తప్పని ఆయన అన్నాడట. అక్క అక్కడే గట్టిగా ఏడ్చింది. నేను ఆవిడ ఏడవగా చూడటం అదే మొదలు. చుట్టూ అంతమంది ఉన్నారు, ముఖం తుడుచుకోనుకూడా లేదు.

నెలాఖరున వ్యాను అప్పగించే రోజు లాండ్రీ ఆవిడ మమ్మల్నిద్దర్నీ రమ్మంది. గేటు దగ్గర తెల్లటి వ్యాను, దాన్నిండా మడతపెట్టిన దుప్పట్లు. యజమాని తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మంచి మనసుతోనే అన్నాడు, ఆ సంగతి నేను ఒప్పుకుంటాను. సాయంత్రం స్టిక్కర్ల మనిషిని పిలిపించాను, నీ వైపు అద్దాలకి నల్ల ఫిల్మ్ వేయిస్తాను, ఆడమనిషివి, ఊరంతా తిరగాలి, నలుగురి కళ్ళూ నీ మీద పడటం ఎందుకు, వేశాక రేపట్నుంచి తీసుకుపో అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అక్క ఏదో ఒకటి అంటుందని చూశాను, మోచేత్తో పొడిచాను కూడా. ఆవిడ కదల్లేదు. లాండ్రీ ఆవిడనే చూస్తోంది. ఫిల్మ్ మళ్ళీ వేయించమని మా వరండాలో ఏడ్చిన మనిషి, పని ఇస్తున్న యజమాని ముందు, తోటివాళ్ళందరూ గుమ్మంలో నిలబడి వింటుండగా, చెయ్యి చాపింది.

"వద్దయ్యా," అంది. "నన్ను చూడలేనివాళ్ళు వాళ్ళ కళ్ళు మూసుకుంటారు, నా అద్దాలెందుకు మూయడం? తాళాలివ్వండి. దుప్పట్ల కోసం ఆసుపత్రిలో ఎదురుచూస్తుంటారు."